గోల్ఫ్ క్లబ్‌కు మొదటిసారి వెళ్తున్నారా?

మాది మహబూబ్‌నగర్ దగ్గర పల్లె. హైదరాబాద్‌లో గోల్ఫ్ క్యాడీగా, అంటే ఆటగాళ్ల బ్యాగు మోస్తూ సాయపడేవాడిగా పనిచేస్తున్నాను. మా జిల్లా నుంచి కొత్తగా ఆడటానికి వచ్చేవాళ్లు బట్టల గురించే ఎక్కువ టెన్షన్ పడతారు. కాలర్ ఉన్న టీషర్ట్, మామూలు ప్యాంటు చాలు, జీన్స్ మాత్రం చాలా క్లబ్బుల్లో ఒప్పుకోరు. నన్నడిగితే ఈ నియమానికి కాలం చెల్లింది. జీన్స్ వేసుకుంటే గడ్డికేం నష్టం?

గడ్డిని కాపాడే నియమాలు మాత్రం పాతబడవు. బంతి పడి గ్రీన్ (హోల్ చుట్టూ పొట్టిగా కత్తిరించిన గడ్డి) మీద గుంట పడితే, ఇందుకోసమే ఉండే చిన్న ఫోర్క్‌తో చుట్టూ అంచులను మధ్యకు నెట్టి, పటర్‌తో (గ్రీన్ మీద బంతిని దొర్లించే క్లబ్) మెల్లగా అదమండి. అడుగు మట్టిని పైకి లేపితే వేర్లు తెగి అక్కడ గడ్డి ఎండిపోతుంది. బంకర్‌లోకి, అంటే ఇసుక గుంటలోకి, ఎత్తు తక్కువున్న వైపు నుంచి దిగండి, వచ్చేటప్పుడు మీ అడుగులను రేక్‌తో చదును చేయండి.

బంతి మనుషుల వైపు వెళ్తుంటే మొహమాటపడకుండా 'ఫోర్' అని గట్టిగా అరవండి.

పోయిన బంతిని వెతకడానికి 3 నిమిషాలే టైం. 2019కి ముందు 5 ఉండేవి. స్ట్రోక్ ప్లేలో (మొత్తం ఎన్ని షాట్లు కొట్టారో లెక్కపెట్టే ఆట) హోల్‌కు దూరంగా ఉన్నవాళ్లే ముందు కొట్టాలన్న పట్టింపూ సడలింది. ఇవి మంచి మార్పులు.

క్యాడీని పేరు పెట్టి పిలవండి, పెద్దవాడైతే అన్నా అనండి. 'ఒరేయ్' అనొద్దు.