కాన్సెర్టో వినడం – 3వ పాఠం: మెండెల్సన్‌ని అతుకుల దగ్గర వినండి

కాన్సెర్టో అంటే ఒక వాద్యం ముందుండి ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే రచన, మామూలుగా మూడు భాగాలుంటుంది. కిందటి పాఠంలో బీతోవెన్ వయొలిన్ కాన్సెర్టో విన్నాం. అందులో వయొలిన్ వంతు రావడానికి మూడు నిమిషాల పైనే పడుతుంది. జర్మన్ స్వరకర్త మెండెల్సన్ రాసిన ఇ మైనర్ (అది స్వరస్థాయి పేరు) వయొలిన్ కాన్సెర్టోలో ఆ ఎదురుచూపు లేదు. ఆర్కెస్ట్రా అలా కదలగానే వయొలిన్ పాట అందుకుంటుంది. ప్లే నొక్కి కాఫీ తెచ్చుకోవడానికి లేచారంటే అసలు ఎత్తుగడ పోయినట్టే.

1845 మార్చి 13న లైప్‌జిగ్‌లో దీన్ని మొదటిసారి వాయించింది ఫెర్డినాండ్ డేవిడ్. మెండెల్సన్‌కి ఒంట్లో బాగాలేక ఆర్కెస్ట్రాని నీల్స్ గాడె నడిపించాడు.

ఈ పాఠానికి రెండు రికార్డింగులు తీసుకోండి. ఒకటి 1952లో వయొలిన్ మీద మెనూహిన్, ఆర్కెస్ట్రా నడుపుతూ ఫుర్ట్‌వెంగ్లర్, బెర్లిన్ ఫిల్‌హార్మనిక్‌తో చేసినది. ఆ ఏడాదే మెనూహిన్ నెహ్రూ పిలుపు మీద మన దేశానికి కూడా వచ్చాడు. రెండోది 1959లో వయొలిన్ మీద హైఫెట్జ్, ఆర్కెస్ట్రా నడుపుతూ మ్యూన్ష్, బోస్టన్ సింఫనీతో చేసినది. రెండూ మొదటినుంచి చివరిదాకా పోలుస్తూ కూర్చుంటే బుర్ర వేడెక్కడం తప్ప ఏమీ తేలదు. అతుకులు, అంటే ఒక ఘట్టం ఇంకోదానిలో కలిసే చోట్లు, పట్టుకోండి చాలు.

మొదటి భాగం మధ్యలో ఆర్కెస్ట్రా తప్పుకుని వయొలిన్‌ని ఒంటరిగా వదిలేస్తుంది. దీన్నే కెడెంజా అంటారు. అంతకుముందు ఇది చాలావరకు భాగం చివర్లో వచ్చేది, వాయించేవాళ్లు సొంతంగా కల్పించుకునేవాళ్లు. మెండెల్సన్ ప్రతి స్వరమూ తనే రాసి, మధ్యలోకి జరిపాడు. కెడెంజా చివర్లో కమాను నాలుగు తీగల మీదా ఎగిరెగిరి పడుతుంది. ఆ చప్పుడు ఆగకముందే కింద ఆర్కెస్ట్రా మెల్లగా మొదటి పాట ఎత్తుకుంటుంది. అంతదాకా రాజ్యమేలిన వయొలిన్ ఇప్పుడు పక్కవాద్యం. ఇక్కడే ఆపి, వెనక్కి జరిపి మళ్లీ వినండి. పాట సరిగ్గా ఎక్కడ మొదలైందో చెప్పగలరా? హైఫెట్జ్ దగ్గర వయొలిన్ బాగా ముందుకొచ్చి, కమాను గెంతులు ఒక్కొక్కటీ వినిపిస్తాయి, వేగమూ ఎక్కువే. మెనూహిన్ తీరిగ్గా నడుస్తాడు. 1952 నాటి మోనో శబ్దం కాస్త పాతదే అయినా, ఈ మలుపు దగ్గర నా ఓటు ఆయనకే.

ఇంకో అతుకు మొదటి భాగం చివర. అందరూ గట్టిగా వాయించి ఆపేస్తారు, బసూన్ అనే, మంద్రంగా పలికే ఊదే వాద్యం ఒక్కటే ఒక స్వరం పట్టుకుని ఉండిపోతుంది. అలా మొదటి భాగానికీ రెండోదానికీ మధ్య విరామం లేకుండా, చప్పట్లకు సందు దొరక్కుండా పోతుంది. ఆ స్వరం తర్వాత అర మెట్టు పైకి ఎక్కుతుంది. కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లు రాబోయే భాగానికి షడ్జం ఏదో చూసుకుంటే, అది కాకలి నిషాదం నుంచి షడ్జానికి వెళ్లడమేనని తెలుస్తుంది. కొన్ని ప్లేయర్లు రెండు ట్రాకుల మధ్య ఖాళీ పెట్టి ఈ స్వరాన్ని సగానికి కోసేస్తాయి. సెట్టింగుల్లో గ్యాప్‌లెస్ ఆన్ చేసుకోండి. షఫుల్ మాత్రం అస్సలు వద్దు.

వారంలో ఒకసారైనా పుస్తకం, ఫోను పక్కన పెట్టి మూడు భాగాలూ ఏకబిగిన వినండి. వచ్చే పాఠం బ్రూఖ్ జి మైనర్ వయొలిన్ కాన్సెర్టో. అందులోనూ మొదటి భాగం ఆగకుండా రెండోదాంట్లోకి దిగిపోతుంది, అయితే బసూన్ సాయం లేకుండా.