తడబడే చిన్నారులతో చదివించడం – 4వ పాఠం: ఒత్తు దగ్గర ఆగిపోతుంటే

పోయిన పాఠంలో పిల్లల్ని ఒక్కొక్కరినే పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు, పదాలు, చిన్న పేరా, కథ అనే నాలుగు మెట్లలో ఎవరు ఎక్కడున్నారో రాసుకున్నాం. ప్రథమ్ సంస్థ 2005 నుంచి అసర్ సర్వేలో పిల్లల చదువును కొలిచే మెట్లు ఇవే. ఆ కాగితం ఇప్పుడు ముందు పెట్టుకోండి. గుణింతాలన్నీ గడగడా చదివి పేరా దగ్గర చతికిలబడ్డ పిల్లలు ఎవరో చూడండి. వాళ్లు తప్పిన మాటల్లో ఎక్కువ భాగం ఒత్తులున్నవే అయితే ఈ పాఠం వాళ్ల కోసం.

ఆ తప్పును చెవి పెట్టి వినాలి. ‘గడ్డి’ని ‘గడి’ అని ఒత్తు మింగేసే పిల్లలు కొందరు. ‘గడిడ’ అని చదివేవాళ్లు ఇంకొందరు. ఈ రెండోవాళ్ల మీద పెద్దవాళ్లు విసుక్కుంటారు. నిజానికి వాళ్లు కంటికి కనబడిందే పలుకుతున్నారు. పైన ‘డి’ ఉంది, కింద ‘డ’ ఉంది. గుడి పై అక్షరానికి పెట్టినా పలికేది కింది అక్షరంతోనే అని వాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పలేదు. ‘విద్యార్థి’ చూడండి. గుడి ‘ర’ మీద ఉంది, మనం పలికేదేమో ‘ర్’, ‘థి’. చదువు అలవాటైన మన కంటికి ఈ చిక్కు ఆననే ఆనదు.

మొదటి రెండు రోజులు పలక, పుస్తకం ముట్టుకోకండి. గడి–గడ్డి, వడి–వడ్డి, కను–కన్ను, పలు–పల్లు అని జంటగా పలికి, ఏది ఒత్తి పలికారో పిల్లల్ని చెప్పమనండి. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు టక్కున చెప్పేస్తారు. ఇంట్లో లంబాడీయో కోయో మాట్లాడే పిల్లలకు ఆ మాటల అర్థం కూడా చూపించాలి. వాళ్లను తొందరపెట్టకండి.

తర్వాత పలక మీద ‘గడ్డి’ రాసి, పక్కనే ‘గడ్ – డి’ అని విడదీసి రాయండి. విడిగా ఉన్నది చదివించి, వెంటనే కలిపి ఉన్నది చదివించండి. ముందు అక్క, అన్న, అత్త, అవ్వ లాంటి ఇంటి మాటలు. అవి వచ్చాక చెట్టు, ముగ్గు, పిల్లి. ఇక్కడికొచ్చేసరికి విడదీయడం పిల్లల చేతనే చేయించండి: ‘చెట్ – టు’. కొమ్ము ఏ ముక్కతో వెళ్లిందో వేలు పెట్టి చూపించమనండి. ఈ ఒక్క పనికి ఎన్ని రోజులు పట్టినా పట్టనివ్వండి, మిగతాదంతా దీని మీదే ఆధారపడి ఉంది.

ఒత్తుల ఆకారాలు గుర్తుపట్టడం ఇంత కష్టం కాదు. చాలా ఒత్తులు అసలు అక్షరాన్నే పోలి ఉంటాయి. త, న, మ, య, ర, ల ఒత్తులు మాత్రం వేరే ఆకారంలో ఉంటాయి కాబట్టి వాటిని రోజుకొకటి చొప్పున నేర్పండి. ర ఒత్తుకు ట్రాక్టర్, బ్రష్, చక్రం చాలు. స్త్రీ, రాష్ట్రం లాంటి జంట ఒత్తుల జోలికి ఇప్పుడే వెళ్లొద్దు.

తప్పు చదివిన మాటను పదిసార్లు రాయించే అలవాటుంటే దయచేసి మానేయండి. రెండోసారి నుంచే పిల్లలు చూసి గీస్తారు తప్ప చదవరు. తరగతి ముందు నిలబెట్టి చదివించడం అంతకన్నా చెడ్డది. భయం పట్టుకున్న పిల్లలు ఆ తర్వాత అందరూ కలిసి చదివేటప్పుడు పక్కవాళ్ల గొంతులో గొంతు కలిపేసి నెట్టుకొస్తారు. వాళ్లకు చదవడం రాదన్న సంగతి ఏడాది చివరిదాకా బయటపడదు.

ఈ వారం పని: రోజూ పావుగంట, ఒకరిద్దరు పిల్లలతోనే కూర్చోండి. తరగతిలో అయిపోయిన పాఠం వద్దు, అది వాళ్లకు నోటికి వచ్చేసి ఉంటుంది. మీరే నాలుగు వాక్యాలు రాయండి. ఉదాహరణకు: ‘అవ్వ బుట్ట అల్లింది. బుట్టలో బెల్లం పెట్టింది. బెల్లం చుట్టూ చీమలు చేరాయి. అవ్వ చీమల్ని ఊదింది.’ ఒకసారి వరసగా చదివించి, తర్వాత అక్కడొకటి ఇక్కడొకటి వేలు పెట్టి అడగండి. ఆగిపోతే కాసేపు చూడండి, అప్పటికీ రాకపోతే ఆ మాటను పలక మీద విడదీసి చూపించండి. ఏ ఒత్తు దగ్గర ఆగారో తేదీ వేసి రాసుకోండి.

మాటలన్నీ చదివేసినా ‘అవ్వ ఏం చేసింది?’ అంటే తెల్లమొహం వేసే పిల్లల సంగతి 5వ పాఠంలో చూద్దాం.