ఎండాకాలంలో బరువు ఆపరేషన్ పెట్టుకుంటున్నారా?

పిల్లలకు సెలవులు, ఇంట్లో చూసుకునే మనుషులుంటారు అని బరువు తగ్గే ఆపరేషన్‌ని ఏప్రిల్, మే నెలల్లో పెట్టుకునేవాళ్లను మా విజయవాడలో చూస్తుంటాను. డాక్టర్ తొందర లేదంటే రోహిణి కార్తె దాటాకే చేయించుకోండి. ఆపరేషనయిన కడుపుతో గటగటా నీళ్లు తాగలేరు. మా వదిన కిందటేడు మేలో స్లీవ్ (కడుపును కోసి చిన్నది చేసే ఆపరేషన్) చేయించుకుంది. టానిక్ సీసా మూతతో కొలుచుకుని, ఫోన్‌లో పది నిమిషాలకో అలారం పెట్టుకుని గుక్క గుక్కగా తాగేది. అయినా మూడో వారం సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది.

ఇక ఏ ఆపరేషన్ అన్న సంగతి. అందరూ అడిగేది ‘ఎన్ని కిలోలు తగ్గుతాను’ అనే. స్లీవ్‌లో కడుపులో ముప్పావు వంతుకు పైగా కోసి తీసేస్తారు. బైపాస్‌లో (గుండెకు చేసేది కాదు) కడుపు పైభాగాన్ని చిన్న సంచిలా చేసి పేగుకు కలుపుతారు. ఫిన్లాండ్‌లో 240 మందిపై చేసిన పరిశోధనలో, ఉండాల్సినదాని కంటే ఎక్కువున్న బరువులో 5 ఏళ్లకు స్లీవ్ వాళ్లు సగటున 49 శాతం, బైపాస్ వాళ్లు 57 శాతం తగ్గారు. తేడా అంత పెద్దదేం కాదు. నన్ను ఆలోచనలో పడేసింది మరో లెక్క: 10 ఏళ్లకు ఎండోస్కోపీ చేస్తే అన్నవాహికలో పుండు, వాపు స్లీవ్ వాళ్లలో 31 శాతం మందికి, బైపాస్ వాళ్లలో 7 శాతం మందికే కనిపించాయి. అందుకని గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు ఉన్నవాళ్లు ఆ మాట ముందే చెప్పి ఎండోస్కోపీ చేయించుకోవాలి.

బైపాస్‌కీ దాని ఇబ్బందులున్నాయి. మోకాళ్ల నొప్పులకు పెయిన్ కిల్లర్లు మింగినా, సిగరెట్ మానకపోయినా సంచిని పేగుకు కలిపిన అతుకు దగ్గర పుండు పడొచ్చు. ఎండలో వచ్చి చెరకు రసం తాగితే చెమటలు, దడ, కళ్లు తిరగడం. ఏది చేయించుకున్నా బి12, ఐరన్, కాల్షియం బిళ్లలు జీవితాంతం వాడాల్సిందే. కడుపు పైభాగానికి పట్టీ బిగించే బ్యాండ్ సంగతి వేరే చెప్పక్కర్లేదు, మళ్లీ మళ్లీ ఆపరేషన్లు పడుతున్నాయని బాగా తగ్గించేశారు.

షుగర్, బీపీ మాత్రల డోసు ఇంటికి వచ్చే ముందే రాయించుకోండి, ముఖ్యంగా ఒంట్లో నీరు తీసే బీపీ మాత్ర.

మేలో గుండె దడ వస్తే ‘ఎండ దెబ్బ’ అని సరిపెట్టుకుంటాం. కుట్ల దగ్గర లీకయినా మొదట కనిపించేది ఆ దడే కావచ్చు. కదలకుండా పడుకున్నా నాడి నిమిషానికి 120 దాటినా, జ్వరమొచ్చినా, కడుపునొప్పి పెరుగుతున్నా, పిక్క వాచినా తెల్లారేదాకా ఆగకుండా ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే వెళ్లండి.