యుగియో నేర్చుకుందాం, 3వ పాఠం: బోర్లా పెట్టినా లెక్కే

యుగియో అంటే మాన్‌స్టర్ కార్డులు దింపి ఎదుటోడితో కొట్టుకునే కార్డాట, మాన్‌స్టర్‌ని ఫీల్డ్ మీదకి దింపడమే సమన్. కొత్త సంగతి మొదలెట్టే ముందు పోయిన పాఠం గొడవ తేల్చేద్దాం. "టర్న్‌కి ఒక్కటే సమన్" అని నేను రాసిన ఒక్క ముక్క పట్టుకుని సగం మంది చచ్చిన మాన్‌స్టర్‌ని లేపే మాన్‌స్టర్ రీబోర్న్ కార్డు చేతిలో ఉండి కూడా వాడకుండా ఓడిపోయారట. మిగతా సగం మంది ఒకటి వెల్లకిలా దింపి, అదే టర్న్‌లో ఇంకోటి బోర్లా పెట్టి, "ఇది సమన్ కాదండి, సెట్టు" అంటున్నారు. మొదటిది నా తప్పే, నార్మల్ సమన్ అని రాయాల్సింది బద్ధకించి సమన్ అని వదిలేశాను. రెండోది మాత్రం నా మీద వెయ్యకండి.

టర్న్‌కి ఒక్కటి అన్న రూలు నార్మల్ సమన్‌కే, అంటే చేతిలోంచి మామూలుగా దింపడానికే. డబుల్ సమన్ లాంటి కార్డు ఏదైనా ఉంటే తప్ప రెండోది లేదు. ఏదో కార్డు చలవతో దింపే స్పెషల్ సమన్‌కి అలాంటి కోటా లేదు, చేతిలో దారి ఉంటే, ఆ కార్డు మీద వద్దని లేకపోతే, ఫీల్డ్ మీద ఐదు గళ్ళూ నిండేదాకా దింపుకుంటూ పోవచ్చు. మాన్‌స్టర్ రీబోర్న్‌తో గ్రేవ్‌యార్డ్ (చచ్చిన కార్డుల కుప్ప) నుంచి బ్లూ ఐస్ వైట్ డ్రాగన్‌ని లేపితే అది స్పెషల్ సమన్, లెవెల్ 8 అయినా సరే ట్రిబ్యూట్ (మీ ఫీల్డ్ మీది మాన్‌స్టర్‌ని బలివ్వడం) అడగదు. ట్రిబ్యూట్ అడిగేది చేతిలోంచి నార్మల్‌గా దింపేటప్పుడే. లెవెల్ 4 దాకా ఏమీ అక్కర్లేదు, 5, 6కి ఒకటి, 7 నుంచి పైకి రెండు, ఇది పోయినసారి అయిపోయింది కాబట్టి మళ్ళీ చెప్పను. టీవీలో చూసి వచ్చినవాళ్ళకి ఇదో తలనొప్పి, అందులో మొదట్లో కైబా అనేవాడు బ్లూ ఐస్‌ని ఏ ట్రిబ్యూటూ లేకుండా దింపేస్తాడు, అది కథ, ఇది ఆట.

ట్రిబ్యూట్ సమన్ కూడా నార్మల్ సమనే అని విడిగా చెప్పాలా? చెప్పాలట. కాబట్టి చెప్పాను.

ఇప్పుడు అసలు గొడవ, సెట్టు. మాన్‌స్టర్‌ని చేతిలోంచి బోర్లా అడ్డంగా (డిఫెన్స్‌లో) పెట్టినా ఆ టర్న్ కోటా అయిపోయినట్టే. రేషన్ బియ్యం సంచిలో మూతి కట్టి తెచ్చుకున్నా, సంచి విప్పి వీధంతా చూపిస్తూ తెచ్చుకున్నా డిపోలో ఆ నెల వేలిముద్ర పడిపోయినట్టే కదా, ఇదీ అంతే. లెవెల్ 6 కార్డు బోర్లా పెట్టినా ట్రిబ్యూట్ ఇవ్వాల్సిందే, కనబడట్లేదు కదా అని ఫ్రీగా పెట్టేస్తే కుదరదు. ఫోన్లో మాస్టర్ డ్యూయల్ అనే యుగియో గేమ్‌లో నేర్చుకున్న పిల్లలు ఇక్కడే బోల్తా పడతారు, అందులో తప్పు చేస్తే బటనే రాదు, చాప మీద కూర్చుంటే ఆపేవాడు ఎవడూ ఉండడు. నేనైతే నార్మల్ సమన్ గానీ సెట్ గానీ అవగానే డెక్ మీద రూపాయి బిళ్ళ పెట్టేస్తాను, టర్న్ అయ్యాక తీసేస్తాను. డబ్బాట అనుకుని మా అమ్మ ఓసారి తిట్టింది గానీ అలవాటు మంచిదే.

బోర్లా పెట్టినదాన్ని అదే టర్న్‌లో తిప్పకూడదు. మీ తర్వాతి టర్న్‌లో వెల్లకిలా నిలువుగా (అటాక్‌లో) తిప్పితే దాన్ని ఫ్లిప్ సమన్ అంటారు, దీనికి కోటా ఖర్చు కాదు. రెండు బోర్లా ఉంటే రెండూ తిప్పి, పైన ఇంకోటి చేతిలోంచి దింపవచ్చు. అదే ఎదుటోడు కొడితే తిరగబడింది అనుకోండి, అది సమనే కాదు, వెల్లకిలా తిరుగుతుంది గానీ అడ్డంగానే ఉంటుంది.

తేడా ఎక్కడ తెలుస్తుందంటే ట్రాప్ హోల్ అనే ట్రాప్ కార్డు దగ్గర. ఎదుటోడు 1000 గానీ ఆ పైన గానీ అటాక్ ఉన్నదాన్ని నార్మల్ సమన్ గానీ ఫ్లిప్ సమన్ గానీ చేస్తే ట్రాప్ హోల్ దాన్ని పేల్చేస్తుంది. స్పెషల్ సమన్ చేస్తే నోరు మూసుకుంటుంది. మనం కొట్టి తిప్పినదాని మీద కూడా పని చెయ్యదు.

ఫ్లిప్ ఎఫెక్ట్, అంటే బోర్లా కార్డు వెల్లకిలా తిరగ్గానే చేసే పని, మాత్రం ఎలా తిరిగినా వస్తుంది. మొన్న ఆదివారం విజయనగరంలో మా మేడ మీద పక్కింటి గుంటడు మ్యాన్ ఈటర్ బగ్ బోర్లా పెట్టాడు. వాడి తర్వాతి టర్న్‌కి నా వైపు ఫీల్డ్ ఖాళీ. 450 డామేజ్ వస్తుంది కదా అని వాడు ఉత్సాహంగా తిప్పేశాడు. బగ్ ఏమంటుందంటే ఫీల్డ్ మీద ఒక మాన్‌స్టర్‌ని చూపించు, దాన్ని చంపుతాను అంటుంది. ఇష్టం ఉంటే అని లేదు, ఎదుటోడిదే అని కూడా లేదు. మొత్తం ఫీల్డ్ మీద ఉన్నది ఆ పురుగొక్కటే. తనని తనే తినేసింది. "ఏటన్నా ఇది, నా పురుగు నన్నే తింటాదేటి" అని వాడు కార్డు వెనకా ముందూ తిప్పి చూస్తున్నాడు, ఇంగ్లీషు లైను వేలు పెట్టి రెండుసార్లు చదివించాక గానీ గ్రేవ్‌యార్డ్‌లో పెట్టలేదు. ఇంకో మాట, మావి జిరాక్స్ కార్డులు, ఫ్యాన్ గాలికి తిరగబడిపోతుంటాయి, అది ఫ్లిప్ సమన్ కాదు, దాని మీద కూడా గొడవైంది కాబట్టి రాస్తున్నాను.

సైబర్ డ్రాగన్ గురించి చాలామంది అడిగారు. లెవెల్ 5, అటాక్ 2100. ఎదుటోడి ఫీల్డ్ మీద మాన్‌స్టర్ ఉండి మీ వైపు ఒక్కటీ లేకపోతే చేతిలోంచి స్పెషల్ సమన్. మీ వైపు కురిబో లాంటి బుల్లి మాన్‌స్టర్ ఒక్కటి ఉన్నా కుదరదు. నాకు ఇష్టమైన పని, దీన్ని ఇలా ఫ్రీగా దింపి, వెంటనే దీన్నే ట్రిబ్యూట్ ఇచ్చి లెవెల్ 6 సమన్డ్ స్కల్‌ని తెచ్చుకోవడం. అదే టర్న్‌లో వచ్చినదాన్ని ట్రిబ్యూట్ ఇవ్వచ్చా అంటే ఇవ్వచ్చు, నిద్ర చేసి రావక్కర్లేదు. ఐదు గళ్ళూ నిండినా ట్రిబ్యూట్ సమన్ ఆగదు, ఇచ్చినదాని గడి ఖాళీ అవుతుంది కదా.

ఫ్యూజన్, సింక్రో అనే వేరే రకం సమన్ల జోలికి ఇప్పుడే వెళ్ళకండి.

ప్రాక్టీసుకి ఒక్కటే ఇస్తున్నాను, కాస్త ముదురుది. మీ చేతిలో సైబర్ డ్రాగన్, మాన్‌స్టర్ రీబోర్న్, సమన్డ్ స్కల్ (అటాక్ 2500), సంగన్ (1000), కురిబో (300). మీ గ్రేవ్‌యార్డ్‌లో బ్లూ ఐస్ (3000). మీ ఫీల్డ్ ఖాళీ. ఎదుటోడికి నిలువుగా జెమినై ఎల్ఫ్ (1900), వెనకాల ఒక బోర్లా కార్డు, అది ట్రాప్ హోల్ అని మీకు తెలుసు. వాడి లైఫ్ పాయింట్లు 3500. ఈ టర్న్‌లోనే సున్నా చెయ్యాలి. దేని తర్వాత ఏది దింపారో వరసగా రాయండి, వరస తప్పితే మార్కుల్లేవు. సంగన్ దగ్గర ఆ 1000ని ఒకసారి మళ్ళీ చూసుకోండి.