అఫ్రెయిడ్ ఎలా వాడాలి, మన వైజాగ్ ఉదాహరణలతో

అఫ్రెయిడ్ అంటే భయం అని స్కూల్లో చెప్పేసి వదిలేస్తారు, తేడా కొట్టేది అక్కడే. మనకి భయం అనేది వేస్తుంది, పుడుతుంది, నాకు భయం అంటాం. అఫ్రెయిడ్ అలా కాదు, అది భయపడుతున్న మనిషి ఎలా ఉన్నాడో చెప్పే విశేషణం. అందుకే 'ఐ హావ్ అఫ్రెయిడ్' తప్పు, ద్వారకానగర్ కోచింగ్ సెంటర్ల మెట్ల మీద వినపడే 'ఐ అఫ్రెయిడ్' కూడా తప్పే, మధ్యలో యామ్, ఈజ్, వాజ్ ఏదో ఒకటి పడాల్సిందే.

విశేషణమే కదా అని నామవాచకం ముందు తగిలించేయకండి మరి. 'యాన్ అఫ్రెయిడ్ బాయ్' అనరు, 'ఎ ఫ్రైటెన్డ్ బాయ్' అంటారు. అస్లీప్, అలైవ్ కూడా ఇదే బాపతు.

అసలు సంగతంతా దాని వెనకాల ఏ మాటొస్తుందన్న దాంట్లో ఉంది. ఆర్కే బీచ్ తీసుకోండి, అక్కడ అలలు లోపలికి లాగేస్తాయని మనందరికీ తెలుసు. 'ఐ యామ్ అఫ్రెయిడ్ టు గో ఇంటు ద వాటర్' అంటే దిగడానికి భయం, దిగాలా వద్దా అన్నది మాత్రం మన చేతిలోనే ఉంది. 'ఐ యామ్ అఫ్రెయిడ్ ఆఫ్ డ్రౌనింగ్' అంటే మునిగిపోతానేమో అని, అది మనం కావాలని చేసే పని కాదు కదా, అందుకే అక్కడ ఆఫ్. దాన్నే 'అఫ్రెయిడ్ టు డ్రౌన్' అన్నారంటే మునుగుదామనుకున్నాడు గానీ ధైర్యం చాల్లేదు అన్నట్టుంటుంది. కుక్కలు, బల్లులు, బాసులు, వీటన్నిటికీ ఆఫ్ ఒక్కటే, ఫ్రమ్ పెట్టొద్దు.

ఫర్ వచ్చిందంటే అర్థం మళ్ళీ మారిపోద్ది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఊళ్ళో ఫోన్లు పనిచెయ్యక బయట ఊళ్ళల్లో ఉన్న అమ్మలు ఎంత అల్లాడిపోయుంటారో ఊహించండి, దాన్ని 'షి వాజ్ అఫ్రెయిడ్ ఫర్ హర్ సన్' అంటాం, కొడుక్కి ఏమైపోతుందో అని. ఫర్ తీసేసి ఆఫ్ పెడితే కొడుకంటేనే ఆవిడకి హడల్ అన్నమాట. కొన్నిళ్ళల్లో అదీ నిజమేలెండి.

ఇంక భయమే లేని అఫ్రెయిడ్ ఒకటుంది. హోటల్ రిసెప్షన్‌లో అమ్మాయి 'ఐ యామ్ అఫ్రెయిడ్ దేర్ ఆర్ నో రూమ్స్' అంటే ఆవిడేం వణికిపోవట్లేదు, ఏవనుకోకండి రూములు లేవు అని మర్యాదగా చెప్తోంది. అరకు ట్రైన్ వెళ్ళిపోయిందా అంటే 'ఐ యామ్ అఫ్రెయిడ్ సో', అంటే వెళ్ళిపోయిందండీ అని. రేపటికి టికెట్లున్నాయా అంటే 'ఐ యామ్ అఫ్రెయిడ్ నాట్', లేవని. రెండూ చేదు కబురుకే పనికొస్తాయి, 'ఐ యామ్ అఫ్రెయిడ్ యు గాట్ ద జాబ్' అని మెయిల్ పెడితే అవతలోడు సంబరపడ్డం మానేసి జీతమెంత అని అడుగుతాడు.