పాత .303 తూటా: ట్రిగ్గర్ నొక్కితే పేలలేదా, ఆగి పేలిందా?

అమెరికాలో పాత బ్రిటిష్ సైనిక రైఫిల్ లీ-ఎన్‌ఫీల్డ్ కొనుక్కున్నవాళ్లకు దానికి సరిపడే పాత .303 సైనిక తూటాలు ఇప్పటికీ అక్కడక్కడా దొరుకుతాయి. చాలావాటిలో కార్డైట్ అనే పాతకాలపు తూటా మందు ఉంటుంది. మన దేశంలో .303 సామాన్యులకు నిషిద్ధం. అయితే ఇషాపూర్ ఫ్యాక్టరీ .315 రైఫిల్ కూడా లీ-ఎన్‌ఫీల్డ్ యంత్రాంగం మీదే తయారైంది కాబట్టి, ఆ లైసెన్సుదారులకూ కింది మాటలు పనికొస్తాయి.

‘టక్’ మంది, పేలలేదు

ముందు చేయాల్సింది ఏమీ చేయకపోవడమే. గొట్టం గురి వైపే ఉంచండి, బోల్ట్ (తూటా వెనక గొట్టాన్ని మూసే కడ్డీ) ముట్టుకోకండి, అరవై లెక్కపెట్టండి. ఆలస్యం సాధారణంగా సెకనులో కొంత భాగమే. కానీ ఎక్కువసేపు ఆగి పేలేవీ ఉంటాయి. అదే సమయానికి బోల్ట్ తెరిచి ఉంటే తూటా తొడుగుకు ఆసరా ఉండదు, ఇత్తడి చీలి ముఖం మీదికొస్తుంది.

నిమిషం దాటాక, రేంజ్ అధికారి ఒప్పుకుంటే, బోల్ట్ తెరవకుండానే దాని వెనక కొసన ఉండే కాకింగ్ పీస్‌ను వేళ్లతో వెనక్కి లాగి ఇంకోసారి కొట్టించవచ్చు. ఈ రైఫిల్‌కున్న మంచి సౌకర్యం ఇది. అప్పటికీ పేలకపోతే మళ్లీ నిమిషం ఆగి తూటా తీసి, ప్రైమర్ (తూటా అడుగున ఉండే, దెబ్బకు నిప్పు పుట్టించే చిన్న బిళ్ల) మీది నొక్కు చూడండి.

నొక్కు లోతుగా ఉంటే తప్పు తూటాది: ప్రైమర్‌లోని మందు వేడికో తేమకో చచ్చిపోయింది. పైపైన ఉంటే రైఫిల్‌ను అనుమానించాలి. బోల్ట్ లోపల ఏళ్లనాటి గ్రీజు గట్టిపడి ఉంటుంది, లేదా స్ప్రింగ్ నీరసపడి ఉంటుంది, లేదా ప్రైమర్‌ను కొట్టే ఫైరింగ్ పిన్ అరిగి ఉంటుంది. బోల్ట్ విప్పి కిరోసిన్‌తో కడిగి, కొత్త తూటాలతో పరీక్షించండి. అవి కూడా పేలకపోతే స్ప్రింగ్ మార్పించండి. చాలామంది కడగకుండానే స్ప్రింగ్ కొనేస్తారు, డబ్బు దండగ.

‘టక్’ మంది, క్షణం ఆగి పేలింది

ప్రైమర్ మంట బలహీనమై మందు ఆలస్యంగా అంటుకుంది. దీనికి మరమ్మతు లేదు. ఒకే లాట్‌లో (ఒకేసారి తయారైన తూటాల్లో) రెండు మూడు ఇలా చేస్తే ఆ లాట్ అంతా పక్కన పెట్టేయండి. ఎంత చవగ్గా వచ్చినా సరే.

శబ్దం మందంగా వచ్చింది, భుజానికి తగిలే తన్ను తగ్గింది

వెంటనే కాల్పులు ఆపండి. ఇక్కడ కూడా నిమిషం ఆగాకే బోల్ట్ తీయాలి. గుండు గొట్టంలోనే ఇరుక్కుని ఉండవచ్చు. ఇంకో తూటా కాలిస్తే గొట్టం పగులుతుంది. బోల్ట్ తీసేసి గొట్టంలోంచి వెలుతురు కనిపిస్తోందో లేదో చూడండి. కనిపించకపోతే తుపాకులు బాగుచేసేవాడి దగ్గరికే తీసుకెళ్లాలి.

కాల్చాక

పాత ప్రైమర్లు గొట్టంలో ఉప్పు వదులుతాయి. నూనెకు అది కరగదు. ముందు వేడినీళ్లు పోసి, ఆరబెట్టి, ఆ తర్వాతే నూనె పట్టించాలి. తూటాలకు మాత్రం నూనె తగలనివ్వకండి, ప్రైమర్‌లోకి ఊరుతుంది. పేలనివాటిని విప్పి మందు తీసే ప్రయోగాలు వద్దు. రేంజ్‌లో వాటికోసం పెట్టిన డబ్బాలో వేయండి.