కోవిడ్ వార్డు డ్యూటీకి వెళ్లే నర్సులకు జాగ్రత్తలు

కేసులు మళ్లీ పెరిగి మీ పేరు వార్డు డ్యూటీలో పడిందా? చేతులు కడుక్కోమని మీకు చెప్పనక్కర్లేదు కాబట్టి మిగతావి.

– పీపీఈ కిట్ విప్పేటప్పుడు తొందర వద్దు. తొడుక్కునేటప్పటి కంటే అప్పుడే ప్రమాదం ఎక్కువ; షిఫ్టు చివర అలసటలో చెయ్యి నేరుగా మాస్కు మీదికే పోతుంది. ముందు గ్లవ్స్, తర్వాత గౌను. మాస్కు అన్నిటికంటే చివర, అదీ గది బయటికి వచ్చాక, వెనక పట్టీలు పట్టుకొని. ఎదురుగా ఒకరు నిలబడి చూస్తుంటే ఇంకా మంచిది.

– జ్వరం, దగ్గు ఉండి ర్యాపిడ్ పరీక్షలో నెగెటివ్ వస్తే ఆర్‌టీ-పీసీఆర్ చేయించుకోండి. 2020లోనే భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చెప్పింది ఇది. మనుషులు తక్కువగా ఉన్నారని పిలిచినా ఫలితం వచ్చేదాకా వెళ్లవద్దు. వార్డులో అందరికీ అంటుకుంటే అప్పుడు అసలు మనుషులే ఉండరు.

– మాస్కు జారినప్పుడు రోగి దగ్గు మీ ముఖం మీద పడిందా? మర్నాడే పరీక్ష చేయించుకొని ఊరట పడకండి, అప్పటికి వైరస్ దొరకకపోవచ్చు. తేదీ రాసుకొని 5 రోజులు నిండాక చేయించుకోండి. ఈలోగా లక్షణాలు కనిపిస్తే వెంటనే.

– ఎన్95 పెట్టుకొని ఊదండి. కళ్లద్దాలు మసకబారితే ముక్కు దగ్గర సందు ఉన్నట్టే.

– టిఫిన్ డబ్బాలు వంతులవారీగా విప్పండి. విశ్రాంతి గదిలో అందరూ ఒకేసారి మాస్కులు తీస్తారు.